ఎవరూ పడుకోని ఇల్లు

సవేత పొద్దున్నే వరండాలో అరువు తెచ్చిన గ్యాస్ పొయ్యి వెలిగించి, మొక్కజొన్న సంకటికి ఎసరు పెట్టింది. కొండ గాలికి మంట ఒక్క క్షణం నిలకడగా ఉండటంలేదు. ఒక పక్క రేకు ముక్క నిలబెట్టి, రెండో పక్క తన ఒళ్ళే అడ్డం పెట్టి కూర్చుంది. ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు కాబట్టి సంకటిలోకి నిన్నటి చిక్కుడుగింజలే దిక్కు. అవి కూడా పక్కింటి స్మరాంద గిన్నెలో పోసి పంపినవి.

ఐదు రోజులుగా వండుకోవడం, తినడం, పడుకోవడం అన్నీ ఆ వరండాలోనే. వాళ్ళ వీపు వెనకే రెండు పెద్ద గదుల ఇల్లు ఉంది. కిటికీలకు లేసు తెరలు, గోడల నిండా నేసిన తివాచీలు, మంచాల మీద ఎవరూ కప్పుకోని ఉన్ని దుప్పట్లు దొంతర్లుగా ఉన్నాయి. తలుపుకి తాళం ఉంది. తాళంచెవి సవేత అత్తగారు పరస్కీవ మెడలో, సిలువ పక్కన ఉంది.

బుజౌ కొండల్లో ఏ ఊరికి వెళ్ళినా ఇదే వరస, గ్లోదేని ఊరు మాత్రం మినహాయింపు ఎందుకవుతుంది. ముందున్న పెద్దిల్లు చూసేవాళ్ళకి, వెనకున్న చిన్న వంటిల్లు బతికేవాళ్ళకి. చలికాలం ఒక్క పొయ్యి రగిలిస్తే వంటా అయిపోతుంది, నలుగురికీ వెచ్చగానూ ఉంటుంది. పెద్దింట్లోకి వెళ్ళాలంటే చుట్టాలన్నా రావాలి, పెళ్ళన్నా జరగాలి, ఎవరన్నా చచ్చిపోవాలి. సవేత ఇరవయ్యారేళ్ళ కిందట కోడలిగా వచ్చిన రోజు ఆ పెద్దగదిలో భోజనానికి కూర్చుంది. ఆ తర్వాత అక్కడ ఒక్క పూట కూడా నడుం వాల్చలేదు. తొమ్మిదేళ్ళ కిందట మామగారు పోతే ఆయన్ని మాత్రం మూడు రోజులు పడుకోబెట్టారు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం, మంచు కరిగి నానిన కొండచరియ వెనక నుంచి జారి వచ్చింది. వంటిల్లు పోయింది. పొయ్యి, మంచాలు, ఫ్రిజ్, బంగాళాదుంపలు, పీపాలో ఊరేసిన క్యాబేజీ, కూతురు ఒతీలియా పుస్తకాలు, అన్నీ బురద కింద పడ్డాయి. సవేత మేకల దగ్గర ఉంది. భర్త గ్రిగోరె బడి వ్యాను తోలుకుంటూ కింద రోడ్డు మీద ఉన్నాడు. అత్తగారు చర్చిలో ఉంది. మనుషులు మిగిలారు, మిగిలినవి ఒంటి మీద బట్టలు. పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒతీలియా ఫోన్ చేసి, "పండక్కి నేను ఎక్కడికి రావాలమ్మా?" అని అడిగింది. సవేత సిగ్నల్ పోయినట్టు నటించి పెట్టేసింది.

అయితే బీమా ఉంది. కొండవాలు ఊళ్ళల్లో ఇంటికి బీమా తప్పనిసరి అని పంచాయతీ ఆఫీసు వాళ్ళు చెబితే అందరూ విని ఊరుకున్నారు. సవేత మాత్రం జున్ను అమ్మిన డబ్బులు దాచి, ఏటా కట్టింది. అందుకు అత్తగారి చేత పడ్డ మాటలకి లెక్కే లేదు.

"ఎసరు పొంగుతోంది, చూసుకో." పరస్కీవ గేటు వైపు నుంచి వచ్చింది. ఎనభైకి దగ్గర పడింది, అయినా నడుం వంగలేదు. "వరండా గోడంతా మసి పట్టించావు. పండగ వస్తోంది, ఊళ్ళో వాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"కొండ మీద పడిందనుకుంటారు, అత్తయ్యా."

"పడదా మరి. ఇల్లు కూలితే డబ్బులిస్తాం అని రాసిన కాగితం తెచ్చి ఇంట్లో పెట్టుకున్నావు. నా కాపురం అరవై ఏళ్ళు. ఒక్క పెచ్చు ఊడలేదు. నువ్వు కాగితం కొన్నావు, కొండ కదిలింది."

"అవునవును. కొండకి కాగితాలు చదవడం వచ్చు మరి."

వరండా చివర బూట్లు వేసుకుంటున్న గ్రిగోరె తల ఎత్తకుండానే, "పొద్దున్నే మొదలెట్టకండి" అన్నాడు. ఆ మాట ఆయన ఇరవయ్యారేళ్ళుగా అంటూనే ఉన్నాడు, ఎవరూ విన్న పాపాన పోలేదు.

ఆ రోజు బుధవారం. బీమా కంపెనీ నుంచి మనిషి వచ్చి ఇల్లు చూస్తారు. పంచాయతీ గుమాస్తా ముందే తేల్చి చెప్పాడు. వంటిల్లు విడి కట్టడం, దానికి డబ్బు ఒక్క లేయ్ కూడా రాదు. పాలసీ పెద్దింటికే. అది ఉండటానికి పనికిరాదని రాస్తే మొత్తం డబ్బు వస్తుంది, వాగు అవతల గట్టినేల మీద పంచాయతీ స్థలం ఇస్తుంది, రెండు గదులు వేసుకోవచ్చు. బాగానే ఉందని రాస్తే ఏమీ రాదు. కదిలే కొండ కింద కూర్చుని దేవుణ్ణి తలుచుకోవాల్సిందే.

పెద్దగది వెనక గోడ శుక్రవారం నాడే పగిలింది. నేల నుంచి కప్పు దాకా, చిటికెన వేలు దూరేంత పగులు. ఆ పగులే ఇప్పుడు వాళ్ళకున్న ఆస్తి. సవేత రోజుకి నాలుగు సార్లు కిటికీ అద్దంలోంచి దాన్ని చూసి వచ్చేది. సొంత ఇంటి గోడ పగిలినందుకు ధైర్యం తెచ్చుకునే రోజు వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"ఇంటి నంబరు మారిన కాగితం ఒకటి కావాలన్నారు. పదకొండింటికల్లా తెచ్చేసుకుంటాం" అంది సవేత, సంకటి గిన్నె అత్తగారి ముందు పెడుతూ. "బీమా ఆవిడ పన్నెండుకి వస్తుంది. మేం లేకుండా వస్తే కూర్చోబెట్టండి. గది తలుపు తీసి, ఉన్నది ఉన్నట్టు చూపించండి చాలు."

"ఇంటికొచ్చిన మనిషికి ఎలా మర్యాద చెయ్యాలో నువ్వు నాకు నేర్పక్కర్లేదు" అంది పరస్కీవ.

*

పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా ఉంది. అందరికీ ఏదో ఒక కాగితం కావాలి. గుమాస్తా ఒక్కడే, ముద్ర ఒక్కటే. పన్నెండు దాటాక కాగితం చేతికొచ్చింది. తిరిగి వస్తుంటే చర్చి మలుపు దగ్గర రోడ్డు మీదికి మళ్ళీ బురద దిగింది. వ్యాను అక్కడే వదిలేసి, పొలం గట్ల మీద పడి నడిచారు. ఇల్లు చేరేసరికి రెండయింది.

గేటు దగ్గరే సవేతకి వాసన తగిలింది. పచ్చి సున్నం వాసన. పండగకని నెల కిందట గాబులో నానబెట్టిన సున్నం. ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

వరండా గోడ తెల్లగా మెరుస్తోంది. గ్యాస్ పొయ్యి, గిన్నెలు, పరుపులు అన్నీ గడ్డివాము వెనక ఎవరికీ కనపడకుండా సర్దేసి ఉన్నాయి. పెద్దగది తలుపు బార్లా తెరిచి ఉంది. బల్ల మీద కుట్టుపని గుడ్డ, దాని మీద చిన్న పళ్ళెంలో చెర్రీ మురబ్బా, సగం తాగిన నీళ్ళ గ్లాసు. వెనక గోడ మీద పగులు లేదు. గోడ పెళ్ళికూతురి ముసుగులా తెల్లగా ఉంది. అడుగున జానెడు ఎత్తులో, ఈ కొసనుంచి ఆ కొసకి, నీలిమందు కలిపి తాడు పట్టి గీసిన గీత కూడా ఉంది.

పరస్కీవ కుర్చీలో కూర్చుని ఉంది. చేతులకి సున్నం పొక్కులు, తలగుడ్డ మీద తెల్ల చుక్కలు. ముఖంలో మాత్రం చాలా రోజుల తర్వాత వెలుగు కనిపించింది.

"వచ్చిందా బీమా ఆవిడ? ఎప్పుడొచ్చింది?" అన్నాడు గ్రిగోరె.

"సరిగ్గా పన్నెండుకి. కొరీనా అట పేరు, మంచి పిల్ల. బూట్లు గుమ్మంలోనే విప్పింది. మురబ్బా తింది. ఇవాళ పద్నాలుగు ఇళ్ళు చూడాలట పాపం, ఇంత శుభ్రమైన ఇల్లు ఎక్కడా చూడలేదంది. ఫోటోలు కూడా తీసుకుంది."

"గోడ... గోడ ఎవరు మెత్తారమ్మా?"

"ఎవరు మెత్తుతారు, నేనే. మీరు అటు వెళ్ళగానే మట్టి పిసికి, ఊక కలిపి, పగుల్లోకి కూరి, పైన సున్నం వేశాను. కుర్చీ మీద కుర్చీ వేసుకుని ఎక్కాను. ఈ వయసులో ఎవరు చేస్తారో చూపించు." ఆమె ఒళ్ళో ఉన్న కాగితం తీసి కొడుకు చేతికి ఇచ్చింది. "సంతకం కూడా పెట్టాను. నా పేరు పూర్తిగా రాశాను."

గ్రిగోరె చదివాడు. చదివి భార్యకి ఇచ్చాడు. *విడి కట్టడం నాశనమైంది, పాలసీ వర్తించదు. నివాస గృహానికి చెప్పుకోదగ్గ నష్టం లేదు.* కింద వంకర టింకరగా పరస్కీవ సంతకం.

సవేత గుమ్మంలోనే కూలబడింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. ఐదు రోజులుగా తడి బట్టల్లో పడుకున్నా, బురదలోంచి చెంచాలు ఏరుకున్నా, స్మరాంద ముందు గిన్నె పట్టుకుని నిలబడ్డా, ఒక్క ఆశ ఆమెని నిలబెట్టింది. దాన్ని ఆమె అత్తగారు ఊక కలిపిన మట్టితో పూడ్చేసింది.

"ఏమైందే? అలా కూర్చున్నావేం?"

"ఉన్నది ఉన్నట్టు చూపించమన్నాను కదా, అత్తయ్యా."

"బొక్కలు పడ్డ ఇంట్లోకి పరాయి మనిషిని పిలుస్తామా? పరస్కీవ ఇల్లు అలా ఉందని పట్నం పోయి చెప్పుకోవాలా? నా తల్లి చచ్చిపోయే ముందు రోజు కూడా డాక్టరు వస్తున్నాడని గోడలకి సున్నం వేయించింది."

"ఆ అమ్మాయి వచ్చింది పగులు చూడటానికి. పగులుంటేనే మనకి ఇల్లు. అది చెరిపేశారు. మనకిప్పుడు ఏమీ లేదు. ఒక్క లేయ్ లేదు. తెలుస్తోందా మీకు?"

పరస్కీవ కొడుకు వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. ఆవిడకి అప్పుడు కొంచెం అర్థమైంది. అర్థమైనదాన్ని ఒప్పుకోవడం ఆవిడకి ఎప్పుడూ అలవాటు లేదు.

"ఇల్లు బాగుంటే మంచిదే కదా. ఇల్లు పోవాలని కోరుకునే కోడల్ని నేనెక్కడా చూడలేదు."

ఆ మాటతో సవేత లేచింది. వరండా మూల బురద తవ్వడానికి తెచ్చిన గునపం ఆనించి ఉంది. అది తీసుకుని, బూట్లతోనే, తివాచీ తొక్కుకుంటూ పెద్దగదిలోకి నడిచింది.

"ఏం చేస్తున్నావే?"

"మీరు పూడ్చింది నేను తవ్వుతాను. పూడ్చినదానికన్నా రెండింతలు తవ్వుతాను. రేపు ఆఫీసుకి పోయి, మళ్ళీ వచ్చి చూడమని ఆవిడ కాళ్ళు పట్టుకుంటాను."

"సవేతా, అది మోసం అవుతుంది. జైల్లో పెడతారు" అన్నాడు గ్రిగోరె.

"పెట్టనీ. అక్కడ కప్పు ఉంటుందిగా."

పరస్కీవ ఆ వయసులో అంత వేగంగా ఎలా లేచిందో తెలియదు. గోడకీ కోడలికీ మధ్య వచ్చి నిలబడింది. "ముందు నన్ను పొడువు. ఆయన్ని ఈ గదిలోంచే మోసుకెళ్ళారు. నేనూ ఈ గదిలోంచే వెళతాను. నా బట్టలు, కొవ్వొత్తులు ఆ పెట్టెలో పెట్టుకున్నాను. నేను పోయేదాకా ఈ గోడ మీద చెయ్యి పడనివ్వను."

"చావడానికే దాచుకున్నారు మీరు ఈ ఇల్లు." సవేత గొంతు ఇంత పెద్దదని ఆమెకే తెలియదు. "మేము బతకడానికి అడుగుతున్నాం. ఒతీలియాని నేను వంటింట్లో పొయ్యి పక్కన కన్నాను. బయట మంచు కురుస్తోంది. అప్పుడు కూడా మీరు ఈ తలుపు తియ్యలేదు. దుప్పట్లు పాడవుతాయన్నారు. మీ శవం మీద ఉన్న ప్రేమ బతికున్న మా మీద ఒక్క రోజు లేదు."

గది ఒక్కసారిగా చిన్నబోయింది. ఈ మాట నోటి దాకా వచ్చి వెనక్కి వెళ్ళడం ఇరవై ఏళ్ళుగా జరుగుతూనే ఉంది. ఇవాళ వచ్చేసింది. గ్రిగోరె రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. తల్లి పక్షం నిలవలేక, భార్య పక్షం నిలవలేక, ఆ మనిషి ఇన్నేళ్ళూ వ్యాను తోలుకుంటూ తప్పించుకు తిరిగాడు. ఇప్పుడు తప్పించుకోవడానికి వ్యాను కూడా బురదలో ఉంది.

సవేత అత్తగారిని భుజంతో పక్కకి నెట్టి గునపం ఎత్తింది. ఎత్తిన చెయ్యి దింపలేదు.

"ఇదేంటి?" అంది, మెల్లగా.

నీలం గీత సరిగ్గా లేదు. కిటికీ వైపు నుంచి తిన్నగా వచ్చి, గోడ మధ్యలో తెగి, ఒక వేలు కిందకి దిగి, అక్కడినుంచి మళ్ళీ తిన్నగా పోయింది. తెగిన చోటు పైన, పొద్దున పూసిన సున్నంలో, సన్నటి నల్ల గీత కప్పు దాకా పాకి ఉంది.

"తాడు పట్టి గీశాను" అంది పరస్కీవ. కోడలిని పక్కకి జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, తెగిన గీత మీద వేలు పెట్టింది. "రెండు వైపులా మేకులు కొట్టి, తాడు బిగించి గీశాను. డెబ్భై ఏళ్ళుగా గీస్తున్నాను. నా గీత వంకర పోదు."

"తడి మట్టి ఆరి పగిలిందేమోనమ్మా" అన్నాడు గ్రిగోరె.

"ఆరితే కోడికాళ్ళలా పగులుతుంది, అన్ని వైపులకీ. ఇలా ఒక్కటే చీలదు. ఇలా ఒక పక్క కిందకి దిగదు." ఆవిడ చెంప గోడకి ఆనించి, చెవి పెట్టింది. కాసేపు అలాగే ఉండిపోయింది. తల తిప్పి చూసినప్పుడు ఆ ముఖంలో గర్వం ఎక్కడా లేదు. "ఒరేయ్, గోడ నడుస్తోందిరా."

సవేతకి ముందు సంతోషం కలిగింది. నిజం చెప్పుకోవాలంటే అదే కలిగింది. ఆ వెంటనే, మోకాళ్ళ మీద కూర్చున్న ముసలావిడని చూసి, తన సంతోషానికి తనకే అసహ్యం వేసింది. గునపం గోడకి దూరంగా నేల మీద పెట్టేసింది.

"ఆ అమ్మాయి ఎక్కడుంది ఇప్పుడు?" అంది పరస్కీవ.

"కింద వీధిలో ఇళ్ళు చూస్తూ ఉండాలి" అన్నాడు గ్రిగోరె.

"పరిగెత్తరా. నేను పిలుస్తున్నానని చెప్పు. తప్పు చెప్పాను, సరిదిద్దుకుంటానని చెప్పు."

*

కొరీనాకి ముప్పై ఏళ్ళుంటాయి. పొద్దున్నుంచీ పదిమంది ఏడుపులు విని వచ్చిన ముఖం. గుమ్మం దగ్గర అలవాటుగా బూట్లు విప్పబోతుంటే పరస్కీవ ఆపింది.

"వద్దు తల్లీ. అలాగే రా."

"బామ్మగారూ, నేను నివేదిక రాసేశాను. మీరు సంతకం పెట్టారు. వెళ్ళాక గోడ పగిలిందంటే ఆఫీసులో ఎవరూ నమ్మరు. ఇలాంటివి రోజూ చూస్తాం." ఆమె కళ్ళు నేల మీద ఉన్న గునపం మీద ఆగాయి.

సవేత తల దించుకోలేదు. "అది నేనే తెచ్చాను. గోడ బద్దలు కొడదామనే తెచ్చాను. కొట్టలేదు. కొట్టకముందే ఇలా ఉంది. కావాలంటే చూడండి, ఎక్కడా దెబ్బ ఉండదు."

కొరీనా గోడ దగ్గరికి వెళ్ళి చూసింది. పరస్కీవ ఆమె పక్కన నిలబడి, చర్చిలో ఫాదర్ ముందు చెప్పుకున్నట్టు, ఒక్కొక్క మాటా చెప్పింది.

"ఇక్కడ శుక్రవారం నుంచి పగులుంది. ఇంత. పొద్దున నేను పూడ్చాను."

"ఎందుకు పూడ్చారు?"

"నువ్వొస్తున్నావని."

కొరీనా గోడ వదిలి ఆవిడ వైపు తిరిగింది.

"ఇల్లు బాగోలేదని నువ్వు అనుకుంటావని సిగ్గుపడ్డాను. డబ్బు సంగతి నాకు తట్టలేదు. నా కోడలు చెప్పింది, నేను చెవిన పెట్టలేదు. మధ్యాహ్నం నువ్వు ఫోటో తీసుకున్నావు కదా, అందులో నా గీత ఎలా ఉందో చూడు. ఇప్పుడెలా ఉందో చూడు. రెండూ నీ కళ్ళతోనే చూసుకో, నా మాట నమ్మకు."

కొరీనా ఫోన్ తీసి, మధ్యాహ్నం పన్నెండుంబావుకి తీసిన ఫోటో గోడ పక్కన పట్టుకుంది. ఫోటోలో నీలం గీత పట్టాలా తిన్నగా ఉంది. గోడ మీద తెగి ఉంది. ఆమె సంచిలోంచి టేపు తీసి కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"మూడు గంటల్లో ఒకటిన్నర సెంటీమీటర్లు" అంది. ఆమె గొంతు మారిపోయింది. "ఈ గదిలో రాత్రిళ్ళు ఎవరు పడుకుంటున్నారు?"

"ఎవరూ పడుకోరు" అంది పరస్కీవ. "మా ఆయన పడుకున్నాడు, మూడు రోజులు, పోయాక. మేమంతా వంటింట్లో ఉండేవాళ్ళం. నా కోడలు ఇరవయ్యారేళ్ళు ఆ వంటింట్లోనే ఉంది. నేనే ఉంచాను. వంటింటికి డబ్బులు రావని ఇప్పుడంటున్నారు. మేము బతికిందంతా అందులోనే. అది రాసుకుంటావో లేదో నీ ఇష్టం. ఆ కాగితం మీద సంతకం పెట్టినదాన్ని కదా, ఇది కూడా నేనే చెప్పాలి."

సవేత తలుపు పట్టుకుని నిలబడింది. కళ్ళలో నీళ్ళు ఎప్పుడు మొదలయ్యాయో తెలియలేదు.

కప్పులో దూలం ఒకటి కిర్రుమంది. వెనక గోడ మూల నుంచి అరచేతంత పెచ్చు ఊడి, మురబ్బా పళ్ళెం పక్కన పడింది. కొరీనా కాగితాలు సంచిలో తోసేసింది.

"అందరూ బయటికి నడవండి. సామాను వద్దు. పాత నివేదిక ఇవాళే రద్దు చేస్తాను, రెండు ఫోటోలూ జత చేసి ఇల్లు నివాసానికి పనికిరాదని రాస్తాను. జిల్లా నుంచి ఇంజనీరు వచ్చి చూశాకే ఖాయమవుతుంది, నేను మాటివ్వలేను. కానీ ఈ గీతని ఎవరూ కాదనలేరు. ముందు బయటికి రండి, బామ్మగారూ."

పరస్కీవ గది మధ్యలో నిలబడి, గోడలనీ, తివాచీలనీ, తన పెట్టెనీ ఒకసారి చూసింది. గ్రిగోరె పెట్టె వైపు వెళ్ళబోతే వద్దని చెయ్యి ఊపింది. మంచం మీది దొంతరలోంచి మూడు ఉన్ని దుప్పట్లు లాగింది. పెళ్ళికి ముందు తను నేసినవి, ఒక్కసారి కూడా మడత విప్పనివి. వాటిని కోడలి చేతుల్లో పెట్టి, ఆమె భుజం పట్టుకుని మెట్లు దిగింది.

*

ఇళ్ళు పోయినవాళ్ళకి బళ్ళో చోటు ఇచ్చారు. రెండో తరగతి గదిలో బల్లలన్నీ ఒక మూలకి నెట్టి, ఇనప మంచాలు వేశారు. ఇంకా పొద్దు కుంకలేదు. గ్రిగోరె వ్యాను బురదలోంచి లాగడానికి వెళ్ళాడు. అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు.

సవేత ఒక దుప్పటి విప్పి దులిపింది. ఎర్ర గులాబీలు, నల్ల అంచు, నాఫ్తలీన్ వాసన. ఎంత బరువుగా, ఎంత వెచ్చగా ఉందో. అరవై ఏళ్ళ వెచ్చదనం ఎవరి ఒంటికీ అంటకుండా అలా పడి ఉంది. ఆమె దాన్ని అత్తగారి మంచం మీద పరవబోయింది.

"అన్న మాటలు మనసులో పెట్టుకోకండి, అత్తయ్యా. నోరు జారాను."

"జారలేదు. ఉన్నదే అన్నావు." పరస్కీవ మంచం అంచున కూర్చుంది. ఇవాళ మొదటిసారి ఆవిడ నడుం వంగినట్టు కనిపించింది. "వాగు అవతల కట్టుకుంటే, అక్కడ చచ్చినవాళ్ళకని గది వెయ్యకండి. రెండు గదులూ పడుకోవడానికే వేసుకోండి. నన్ను చర్చిలోంచి పంపించండి, ఫాదర్ ఏమీ అనుకోడు."

"ఇప్పుడా మాటలెందుకు?"

"ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ చెప్పే ధైర్యం ఉండదు, అందుకు." ఆవిడ పక్కపక్కన ఉన్న రెండు మంచాల వైపు చూసింది. ఒకటి కిటికీ వైపు, ఒకటి గోడ వైపు. "నీకు ఏ పక్క ఇష్టమే?"

సవేత అర్థం కానట్టు చూసింది.

"పడుకోవడానికి. కిటికీ పక్కనా, గోడ పక్కనా? నీకేది ఇష్టం?"

వంటింట్లో సవేత మంచం తలుపు పక్కన ఉండేది, ఎందుకంటే అక్కడే చోటు ఉండేది. తలుపు సందులోంచి గాలి కాళ్ళని కొరికేది. తనకి ఏ పక్క ఇష్టమో ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, తనని తను కూడా అడగలేదు. దుప్పటి గుండెలకి పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. పరస్కీవ లేచి దగ్గరికి వచ్చింది. సున్నానికి పొక్కిన చేతులతో కోడలి తల పట్టుకుని నిలబడింది.

"కిటికీ పక్కన" అంది సవేత, చాలాసేపటికి.

"సరే" అని పరస్కీవ ఆ మంచం మీద దుప్పటి పరిచి, తను గోడ పక్కకి వెళ్ళింది.